మట్టి కొన్నామా, నీళ్ళు కొన్నామా? (అనంతపురం టెండర్ల కథ)

ప్రభుత్వ కొనుగోళ్ళలో కొత్తదనం అనగానే మన ఐటీ జనాలకి ఠక్కున గుర్తొచ్చేది 2003 నాటి ఈ-ప్రొక్యూర్మెంట్. గుర్తు రావాలి కూడా. ఆ ఏడాది జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సీ1 ఇండియా అనే ప్రైవేటు కంపెనీతో కలిసి టెండర్లని ఇంటర్నెట్ మీదకి తెచ్చింది. అప్పటికి దేశంలో ఐటీ చట్టం వచ్చి మూడేళ్ళు కూడా నిండలేదు. డిజిటల్ సంతకం అంటే ఏమిటో కాంట్రాక్టర్ల సంగతి సరే, ఇంజనీర్లలోనూ చాలామందికి తెలీదు. ఆ రోజుల్లో కాలవ తవ్వే పనికి మౌసుతో టెండరు వేయించడం చిన్న విషయం కాదు.

అంతకు ముందు ఎలా ఉండేదో ఇప్పటి కుర్రాళ్ళకి చెప్పాలి (నేనూ కుర్రాణ్ణే లెండి, పెద్దవాళ్ళ దగ్గర విన్నదే చెప్తున్నా). టెండరు షెడ్యూలు కావాలంటే ఆ డివిజన్ ఆఫీసుకో సర్కిల్ ఆఫీసుకో స్వయంగా వెళ్ళి కొనుక్కోవాలి. ఎవరెవరు కొన్నారో సాయంత్రానికల్లా అందరికీ తెలిసిపోయేది. ఇక రాయబారాలు మొదలు. ‘ఈ పని నాకొదిలెయ్, వచ్చేది నువ్వు చేసుకో.’ మాట వినని వాణ్ణి గేటు దాటనిచ్చేవాళ్ళు కాదు, టెండరు పెట్టె దగ్గర మనుషుల్ని నిలబెట్టేవాళ్ళు. అందరూ కలిసిపోతే ‘రింగయ్యారు’ అనేవాళ్ళు. పోటీ నుంచి తప్పుకున్నందుకు చేతిలో పెట్టే డబ్బుకి ‘గుడ్‌విల్’ అని ముద్దుపేరు. రాయలసీమలో ఈ వ్యవహారం ఇంకో మెట్టు పైకి వెళ్ళేదని వేరే చెప్పక్కర్లేదు.

ఆన్‌లైన్ అయ్యేసరికి ఎవడు ఎక్కడ కూర్చుని వేస్తున్నాడో కనిపెట్టడం కష్టమైపోయింది. టెండరు పిలిచిన దగ్గర్నుంచి ఖరారయ్యేదాకా 90 నుంచి 135 రోజులు పట్టేది కాస్తా మొదటి ఒకట్రెండేళ్ళలోనే 35 రోజులకి దిగింది. ఈ ఘనత నిజమైనదే, దాన్ని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు.

కానీ మాది అనంతపురం. దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లా అని చిన్నప్పటి నుంచీ విని విని విసుగొచ్చిన ఊరు. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడుతుందంటారు, ఆ సగటు ఏ ఏడాదీ పడదు. కాబట్టి టెండర్ల గురించి ఎవరేం చెప్పినా మావాళ్ళు అడిగే ప్రశ్న ఒకటే: సరే, నీళ్ళొచ్చాయా? పెట్టె బాగుపడింది, బానే ఉంది. ఆ పెట్టెలో వేసే కాగితంలో ఏం కొంటున్నామని రాసుంది? మనం రోజూ చూస్తూనే ఉంటాం కదా, రిక్వైర్‌మెంట్ తప్పుగా రాసుకున్న ప్రాజెక్టుకి ఎంత గొప్ప బగ్ ట్రాకర్ పెట్టినా ఒరిగేదేం ఉండదు. ఈ ప్రశ్న పట్టుకుని వెనక్కి వెళ్తే మా పీఠభూమిలో 650 ఏళ్ళ చరిత్ర తగులుతుంది. అందులో కొన్ని చోట్ల ఇప్పటివాళ్ళ కంటే తెలివిగా కొన్నారు.

అనంతపురం ఊరి పుట్టుకే ఒక చెరువు. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కాలంలో, 1364 ప్రాంతంలో, ఆయన మంత్రి చిక్కప్ప ఒడయరు పండమేరుకి అడ్డంగా ఈ చెరువు కట్టించాడని చెప్తారు. కట్టకి ఒక కొసన బుక్కరాయసముద్రం, ఇంకో కొసన అనంతసాగరం అని రెండు ఊళ్ళు. ఆ రెండోదే మన అనంతపురం. (కట్ట తెగబోతే ముసలమ్మ అనే కోడలు తనని తాను బలిచ్చుకుందన్న కథ ఈ చెరువుదే. కట్టమంచి రామలింగారెడ్డి గారి ‘ముసలమ్మ మరణం’ కావ్యానికి మూలం అదే.)

ఇదే కాలంలో చెరువు కట్టడాన్ని ఎంత పద్ధతిగా ఆలోచించారో తెలియాలంటే పక్కనున్న కడప జిల్లాకి వెళ్ళాలి. పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఒకటుంది. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు వేయించింది. రోజుకి వెయ్యి మంది కూలీలు, రాళ్ళు తోలడానికి వంద బళ్ళు, రెండేళ్ళ పని అని అందులో ఉంది. నాకు నచ్చింది మాత్రం ఆ లెక్క కాదు. మంచి చెరువుకి ఉండాల్సిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు వరసగా చెక్కించారు. గట్టి నేల, తియ్యటి నీళ్ళు తెచ్చే ఏరు, కొండల మధ్య రాతికట్ట, దగ్గర్లో రాయి దొరికే గని, పని తెలిసిన మనుషులు, జలశాస్త్రం తెలిసిన పండితుడు, ఇవన్నీ ఉండాలి. దోషాల్లోకి వస్తే: కట్ట ఊరడం, చౌడు నేల, మధ్యలో తాబేలు వీపులా మిట్ట. నీళ్ళు కొంచెం ఉండి ఆయకట్టు ఎక్కువైతే దోషం, నీళ్ళు ఎక్కువై ఆయకట్టు తక్కువైనా దోషమే. రెండు రాజ్యాల సరిహద్దులో కట్టడం కూడా దోషమట. తుంగభద్ర ఎగువ కాలవ నీళ్ళ కోసం ఏటా కర్ణాటక వైపు చూసే మాకు ఈ చివరి దోషం విడమరిచి చెప్పక్కర్లేదు!

దీన్ని స్పెసిఫికేషన్ అనండి, యాక్సెప్టెన్స్ క్రైటీరియా అనండి. ఎన్ని ఘనపుటడుగుల మట్టి అన్న ఊసు ఆ దోషాల్లో లేదు. నీళ్ళు నిలుస్తాయా, పొలానికి సరిపోతాయా అన్నదే లెక్క.

మరి డబ్బెవరిచ్చేవాళ్ళు? రాజులు కట్టించినవి కొన్ని. కానీ సీమలో వేలకొద్దీ ఉన్న చిన్న చెరువులకీ కుంటలకీ బావులకీ ఇంకో ఏర్పాటుండేది. దాని పేరు దశబంధం. ఎవరైనా తన ఖర్చుతో చెరువు కడితే, లేదా పాడైనదాన్ని బాగుచేస్తే, దాని కింద సాగయ్యే భూమిలో కొంత భాగం అతనికి మాన్యంగా ఇస్తారు. పేరులోని ‘దశ’ పదోవంతుని సూచిస్తుంది, అసలు నిష్పత్తి చోటుని బట్టి మారేది. ఫలానా మడి నీది అని చూపించి ఇస్తే ఖండం దశబంధం. ఆయకట్టు మొత్తం శిస్తులో ఇంత వాటా నీది అంటే షామిలాత్ దశబంధం. షరతు ఒక్కటే: చెరువుని బాగోగులు చూస్తూ ఉండాలి.

కాస్త ఆగి ఆలోచించండి. కట్టినవాడికి వచ్చే ప్రతిఫలం ఆ చెరువు కింద భూమే. కట్ట తెగితే అతని మడే ముందు ఎండుతుంది. పూడిక తియ్యకపోతే అతని వాటాయే తగ్గుతుంది. ముఖ్యంగా షామిలాత్ పద్ధతిలో అయితే ఆయకట్టు ఎంత తడిస్తే అంత ఆదాయం. కట్టే కాంట్రాక్టూ, మెయింటెనెన్స్ కాంట్రాక్టూ ఒకరిదే, పేమెంటేమో ఫలితంలో వాటా. ఖజానా నుంచి ముందు ఒక్క వరహా కూడా కదలక్కర్లేదు. ఇవాళ్టి కన్సల్టెంట్లు ‘అవుట్‌కమ్ బేస్డ్’ అని స్లైడ్లు వేసి చెప్పేది ఇదే.

అయితే పాత రోజులు బంగారం అనే బాపతు కాదు నేను. దశబంధం పుచ్చుకోవాలంటే ముందు పెట్టుబడి ఉండాలి, అంటే రెడ్డో కరణమో పాళెగాడో అయ్యుండాలి. చెరువు మట్టి మోసిన వాళ్ళకి దాని కింద మడి దక్కిన సందర్భాలు అరుదు. పైగా మాన్యం వంశపారంపర్యం. తాత కట్టాడు, మనవడు వాటా తిన్నాడు, మునిమనవడికి కట్ట ఎక్కడుందో తెలీదు. ఫలితం కొనే ఒప్పందంలో ఉన్న చిక్కే ఇది. ఫలితం రానప్పుడు అడిగేవాడు ఒకడుండాలి. పాళెగాళ్ళ కొట్లాటల కాలంలో అడిగేవాడెవడు?

1800లో నిజాం ఈ జిల్లాల్ని కంపెనీకి రాసిచ్చేశాడు. అందుకే దత్తమండలాలన్నారు. కొత్త దొరలు వచ్చాక దశబంధాలు వెంటనే పోలేదు. 1858లో మొదలైన ఇనాం కమిషన్ కూడా చెరువు బాగుచేస్తున్నంత కాలం అనుభవించమనే చాలావాటిని ఖాయం చేసింది. కానీ అదే దశాబ్దంలో మద్రాసులో పబ్లిక్ వర్క్స్ డిపార్ట్‌మెంట్ ఏర్పడింది, మన టెండరు సంస్కృతికి అసలు పునాది అక్కడ పడింది. ఎస్టిమేటు, రేట్ల పట్టిక, కొలతల పుస్తకం, బిల్లు. ఇంత పొడవు, ఇంత వెడల్పు, ఇంత లోతు తవ్వావా, ఇంత తీసుకో. ఇవాళ్టికీ ఇంజనీర్లు ‘ఎంబుక్’ అంటే ప్రాణం పెడతారు, కాంట్రాక్టరుకి అందులో ఎక్కిందే డబ్బు.

దీనికీ కారణముంది. ఎక్కడో మద్రాసులో కూర్చున్న అధికారికి పెనుకొండ చెరువులో నీళ్ళు నిలిచాయో లేదో తెలుసుకునే మార్గం లేదు, కొలిచిన మట్టి మాత్రం కాగితం మీద కనపడుతుంది. తమ్ముడికీ బావమరిదికీ పనులు కట్టబెట్టకుండా అందరికంటే తక్కువకి చేస్తానన్నవాడికి ఇవ్వడం కూడా ఆ రోజుకి సంస్కరణే. కాకపోతే ఆ క్షణంలో సర్కారు కొనే వస్తువు మారిపోయింది. అప్పటిదాకా నీళ్ళు కొన్నాం, అప్పట్నుంచి మట్టి కొన్నాం. నీళ్ళు రాకపోతే అది వానదేవుడి తప్పు.

1876-78 ధాత కరువులో ఇది పరాకాష్ఠకి చేరింది. అప్పటికి అనంతపురం ఇంకా బళ్ళారి జిల్లాలోనే ఉంది (విడిపోయింది 1882లో). సహాయ పనుల్లో మనిషికి రోజుకి ఒక పౌను ధాన్యం, దాని మీద కొద్ది చిల్లర చాలని రిచర్డ్ టెంపుల్ దొర లెక్క కట్టాడు. ఆకలితో ఉన్నవాడి చేత రాళ్ళు కొట్టించి కుప్ప కొలిచారు. పని దొరికింది, లెక్కా సరిపోయింది. మనుషులు మాత్రం లక్షల్లో పోయారు.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా కొలతల పుస్తకం మారలేదు కాబట్టి ఆ భాగం దాటేస్తాను. 1997లో నీటి సంఘాల చట్టం తెచ్చి కాలవల నిర్వహణ రైతులకి అప్పజెప్పే ప్రయత్నం ఒకటి జరిగింది, మంచి ఆలోచనే. చెరువుల దగ్గరికొచ్చేసరికి సంఘం అధ్యక్షుడే కాంట్రాక్టరు అవతారం ఎత్తడంతో రుచి చెడింది.

ఇక నేను ఎప్పుడూ ఆశ్చర్యపోయే ఉదాహరణ. 1995-96లో సత్యసాయి ట్రస్టు అనంతపురం జిల్లాకి తాగునీటి పథకం కట్టింది. 731 గ్రామాలు, కొన్ని పట్టణాలు, సుమారు 300 కోట్ల రూపాయలు, దాదాపు 18 నెలలు. తొమ్మిదో పంచవర్ష ప్రణాళిక పత్రంలో కూడా దీని ప్రస్తావన ఉంది. ఫ్లోరైడు నీళ్ళతో పళ్ళు గారపట్టి, నడుములు వంగిపోయిన ఊళ్ళవి. భక్తి విషయం పక్కన పెట్టి ఒక ఇంజనీరు కళ్ళతో చూడండి. పని ఎల్ అండ్ టీకి అప్పజెప్పారు. ఎల్1, ఎల్2 అన్న గొడవ లేదు. కొనేవాడికి ఏం కావాలో స్పష్టంగా తెలుసు: ఈ ఊళ్ళలో కొళాయి తిప్పితే నీళ్ళు రావాలి, ఫలానా తేదీకి రావాలి. డబ్బు చేతిలో ఉంది, బిల్లు ఆగదన్న నమ్మకం కాంట్రాక్టరుకి ఉంది. ప్రభుత్వ పనుల్లో మొత్తం రేటు పెరగడానికి ఈ ఆఖరి ముక్క ఎంత కారణమో ఏ కాంట్రాక్టర్ని కదిపినా చెప్తాడు. బిల్లు రెండేళ్ళు ఆగుతుందని తెలిసినవాడు ఆ వడ్డీ కూడా కలిపే టెండరు వేస్తాడు.

అదే పని ప్రభుత్వం నామినేషన్ మీద ఒకే కంపెనీకి ఇచ్చుంటే? మర్నాడే పిల్ పడేది, పడాలి కూడా. ట్రస్టు డబ్బు ట్రస్టుది, ప్రభుత్వ డబ్బు మనది. కాబట్టి ‘వాళ్ళలాగే చెయ్యండి’ అనేది సమాధానం కాదు. పైగా ఈ కథకి రెండో భాగం ఉంది. కట్టడం అయిపోయాక నడపాలి కదా. కరెంటు, మోటార్లు, సిబ్బంది జీతాలు ఏటేటా ప్రభుత్వ నిధుల మీద ఆధారపడ్డాయి. జీతాల బకాయిల కోసం ఆ పథకం కార్మికులు సమ్మెకి దిగడం, ఊళ్ళకి నీళ్ళు ఆగడం పేపర్లలో చూస్తూనే ఉన్నాం. 18 నెలల పని గురించి అందరం గొప్పగా చెప్పుకుంటాం, ఆ తర్వాతి 30 ఏళ్ళకి ఎవరు బాధ్యులో రాసుకున్న కాగితం అంత గట్టిది కాదు. దశబంధంలో ఉన్నదీ, ఇందులో లేనిదీ ఆ షరతే.

ఈ-ప్రొక్యూర్మెంట్ వచ్చిన 2003లోనే, నవంబర్లో, రాష్ట్రం ఇంకో పని చేసింది. దాని గురించి ఐటీ వాళ్ళెవరూ మాట్లాడరు. ఆంధ్రప్రదేశ్ సూక్ష్మ నీటిపారుదల పథకం, మావాళ్ళ భాషలో డ్రిప్పు స్కీము. మామూలుగా అయితే ఏం జరగాలి? శాఖ లక్షల మీటర్ల పైపులకి టెండరు పిలవాలి, అందరికంటే తక్కువ కోట్ చేసినవాడు అన్నిటికంటే పల్చటి పైపు సప్లై చెయ్యాలి, అవి మార్కెట్ యార్డు గోడౌన్లో ఎండకి పగలాలి. విత్తనాల నుంచి ట్రాన్స్‌ఫార్మర్ల దాకా చూసిన సినిమాయే.

అలా చెయ్యలేదు. ప్రభుత్వం పైపులు కొనలేదు. నాణ్యతా ప్రమాణాలు పెట్టి కొన్ని కంపెనీల్ని (జైన్, నెటాఫిమ్, ఫినోలెక్స్ లాంటివి) నమోదు చేసుకుంది, రేట్లు ఖరారు చేసింది. ఏ కంపెనీ కావాలో రైతు ఎంచుకుంటాడు, తన వాటా తను కడతాడు. కంపెనీ వచ్చి పొలంలో బిగించాలి, తనిఖీ అవ్వాలి, అప్పుడే సబ్సిడీ డబ్బు కంపెనీకి వెళ్తుంది. ఆ తర్వాత సర్వీసు కూడా కంపెనీదే. మొదట 50 శాతం ఉన్న సబ్సిడీ తర్వాత్తర్వాత చిన్న రైతులకి 90 దాకా పెరిగింది. అనంతపురంలో చీనీ తోటలన్నీ ఆ పైపుల మీదే నిలబడ్డాయి. పక్క పొలంలో ఎవరి డ్రిప్పు బూజు పట్టి మూసుకుపోయిందో, ఎవరి మనిషి ఫోన్ చేస్తే వస్తాడో రైతుకి తెలుసు. ఆ సమాచారం హైదరాబాదులో ఏ టెండర్ కమిటీ దగ్గరా ఉండదు. అందుకే 2003లో జరిగిన రెండింట్లో నా ఓటు దీనికే.

లోపాలున్నాయి. రేటు ప్రభుత్వమే ఖరారు చెయ్యడంతో ధర మీద పోటీ పోయింది, సబ్సిడీ 90కి చేరాక రైతుకి ధర పట్టింపే లేకుండా పోయింది. కంపెనీల బకాయిలు పేరుకుపోయిన ఏళ్ళలో పని ఆగిపోయేది. ఇంకా పెద్దది: డ్రిప్పు వల్ల మిగిలిన నీళ్ళు భూమిలో మిగల్లేదు. ఎకరం తడిపిన బోరుతో రెండెకరాలు పెట్టారు. రైతుని తప్పు పట్టలేం. మనం కొన్నది రైతు పొలంలో తడి, భూగర్భ జలం కాదు. కొన్నదే దొరికింది.

అన్నట్టు, మా జిల్లాకి సంబంధించి ఇంకో మంచి కొనుగోలు ఉంది, నీళ్ళది కాకపోయినా చెప్పి తీరాలి. 2014 చివర్లో ఎల్ఈడీ బల్బుల పంపిణీ మొదలుపెట్టిన తొలి జిల్లాల్లో అనంతపురం ఒకటి (గుంటూరు, శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి మిగతావి). ఇంటికి రెండు బల్బులు, ఒక్కోటి 10 రూపాయలు. కేంద్ర సంస్థ ఈఈఎస్ఎల్ దేశం మొత్తానికి కావాల్సినవి కుప్పగా కలిపి, విడతలు విడతలుగా కొంది. 2014 మొదట్లో 310 రూపాయలున్న బల్బు కొనుగోలు ధర 2015కి 73కి, 2016కి 38కి దిగింది. ఇక్కడా ఎల్1 పద్ధతే, కొత్త మాయేం లేదు. ఇవాళ కొన్నాక మళ్ళీ మూణ్ణెల్లకి ఇంకా ఎక్కువ కొంటామని ఫ్యాక్టరీ వాడికి నమ్మకం కలిగించారు, చెడిపోయిన బల్బు మార్చివ్వాలన్నారు. అంతే. బల్బుకి అది సరిపోయింది, ఎందుకంటే బల్బు వెలిగిందో లేదో ఎవరైనా చూసి చెప్పగలరు. కాలవకి సరిపోదు.

కాలవ అంటే మాకు హంద్రీ-నీవా. శ్రీశైలం వెనక జలాల నుంచి 40 టీఎంసీలు ఎత్తిపోసి కర్నూలు, అనంతపురం, కడప, చిత్తూరు జిల్లాల్లో 6 లక్షల ఎకరాలకి ఇవ్వాలన్నది కాగితం. 2004 తర్వాత జలయజ్ఞంలో దీన్ని పరుగు పెట్టించారు, అదీ ఈపీసీ పద్ధతిలో. అంటే సర్వే, డిజైన్, కట్టడం అన్నీ కాంట్రాక్టరే, ముందే ఖాయం చేసుకున్న మొత్తానికి. పుస్తకంలో చదివితే ఇది దశబంధానికి దగ్గరి చుట్టంలా కనిపిస్తుంది, కొలతల పుస్తకం పీడ విరగడైనట్టే అనిపిస్తుంది. టెండర్లు కూడా ఆన్‌లైనే. కానీ 2012లో కాగ్ జలయజ్ఞం మీద ఇచ్చిన నివేదిక చూడండి: సరైన సర్వే లేకుండా ఒప్పందాలు, భూమి చేతికి రాకుండానే పనులు, పోటీ అంతంత మాత్రం. మౌసుతో వేసినా రింగవ్వాలనుకుంటే రింగవ్వచ్చని అర్థమైపోయింది. గేటు దగ్గర మనుషుల్ని పెట్టక్కర్లేదు, అర్హత షరతులు తగినట్టు రాయిస్తే చాలు.

జీడిపల్లి రిజర్వాయరుకి 2012లో కృష్ణా నీళ్ళొచ్చాయి. పెద్ద పండగే అది. ఎనభై ఏళ్ళ ముసలాళ్ళు కూడా బస్సులెక్కి చూడ్డానికి వెళ్ళారు. కానీ కొనుగోలుదారు కళ్ళతో చూస్తే పెద్ద కాలవ ముందు తవ్వారు, పిల్ల కాలవలు ఏళ్ళ తరబడి మిగిలిపోయాయి. పెద్ద కాలవలో మట్టి పని ఎక్కువ, యంత్రాలు దించితే బిల్లు చకచకా లేస్తుంది. పిల్ల కాలవంటే ప్రతి రైతుతో భూమి గొడవ, చిన్న చిన్న తూములు, బోలెడు తలనొప్పి, కొసరు బిల్లు. ఏ విడతకి ఎంత చెల్లిస్తామో రాసుకున్న కాగితంలో ‘చివరి ఎకరం తడిసినప్పుడు’ అన్న మైలురాయికి పెద్ద బరువు పెట్టి ఉంటే వరస తిరగబడేది. మన ప్రాజెక్టుల్లో డెమో స్క్రీన్లు ముందు చేసి డేటా మైగ్రేషన్ చివరికి తోసెయ్యడం లేదూ, అలాంటిదే. కాంట్రాక్టరు ఇంజనీర్లు తెలివితక్కువ వాళ్ళేం కాదు, పేమెంటు ఎటుంటే అటు నడిచారు.

ఆ తర్వాతి సంస్కరణలు కూడా ధర చుట్టూనే తిరిగాయి. 2019లో రివర్స్ టెండరింగ్ వచ్చింది, వేసినవాళ్ళ చేత మళ్ళీ ఆన్‌లైన్ వేలంలో తగ్గించడం. అదే ఏడాది 100 కోట్లు దాటిన పనుల టెండరు పత్రాల్ని జడ్జి ముందు పెట్టే చట్టం వచ్చింది. ఈ రెండోది నాకు నచ్చింది, ఎందుకంటే వాడు ఎంతకి వేశాడన్నది కాకుండా మనం ఏం అడుగుతున్నాం అన్న కాగితాన్ని జనం ముందు పెట్టి అభ్యంతరాలు చెప్పమంది. 2024లో ప్రభుత్వం మారాక రెండూ రద్దయ్యాయి. మన దగ్గర టెండరు పద్ధతి ఎన్నికల ఫలితాలతో పాటే మారుతుంది. అయిదేళ్ళకోసారి రూల్సు మారితే 20 ఏళ్ళ నిర్వహణకి రేటు ఎవడు కోట్ చేస్తాడు?

కొత్త ఆలోచనకి తలుపు మూసేది ఇంకొకటుంది, మనకి బాగా తెలిసిందే. ఆమధ్య ఓ ప్రభుత్వ సంస్థ ఆర్ఎఫ్‌పీకి జవాబు రాసే పనిలో నేనూ ఉన్నాను. ‘ఇలాంటి పనే గత మూడేళ్ళలో రెండు చోట్ల చేసి ఉండాలి’ అని ఒక షరతు. వాళ్ళు అడుగుతున్నది అంతకు ముందు దేశంలో ఎవరూ చెయ్యనిది! నవ్వాలో ఏడవాలో తెలీలేదు. కేంద్రం 2016లో స్టార్టప్‌లకి ఈ అనుభవం, టర్నోవర్ షరతులు సడలించింది, 2021లో నాణ్యతకి కూడా మార్కులేసే పద్ధతిని నిర్మాణ పనుల్లోకి అనుమతించింది. కానీ ఆ వెసులుబాటు వాడుకున్న అధికారి రేపు ఆడిట్ పేరా ఎదుర్కోవాలి, ఎల్1కి ఇచ్చినవాడు హాయిగా రిటైరవుతాడు. 1714లో ఇంగ్లండు పార్లమెంటు సముద్రంలో రేఖాంశం కనిపెట్టినవాడికి 20,000 పౌన్లు అని ప్రకటించినప్పుడు అనుభవం అడగలేదు, చివరికి చేసి చూపించింది హారిసన్ అనే పల్లెటూరి వడ్రంగి. (డబ్బివ్వడానికి ఆయన్ని దశాబ్దాలు తిప్పారు, బిల్లు బకాయిలు మన సొంతం కాదు.)

హంద్రీ-నీవాలో ఇప్పుడు నడుస్తున్న గొడవతో ఆపుతాను. కాలవ సామర్థ్యం పెంచే పనులు 2025లో జరిగాయి, మొదటి దశని 3,850 క్యూసెక్కులకి వెడల్పు చేశారు. రెండో దశలో లైనింగ్, అంటే అడుగుకీ గట్లకీ కాంక్రీటు. ఇంజనీరింగు లెక్క ప్రకారం అది సబబే, ఇంకిపోయే నీళ్ళు నష్టం కిందే రాస్తారు, లైనింగ్ చేస్తే చివరిదాకా నీళ్ళు వెళ్తాయి, చిత్తూరు వైపు వాళ్ళకీ అందుతాయి. కానీ అనంతపురం, సత్యసాయి జిల్లాల్లో (2022లో జిల్లా రెండయింది) కాలవ పక్కన రైతులు లైనింగ్ వద్దని అడ్డం పడుతున్నారు. పిల్ల కాలవలు రాలేదు కాబట్టి వాళ్ళకి ఇన్నాళ్ళూ అందింది ఆ ఇంకిన నీళ్ళే. కాలవ పారినప్పుడల్లా చుట్టుపక్కల బోర్లలో నీటిమట్టం లేస్తుంది, ఆ బోర్ల మీద డ్రిప్పు, డ్రిప్పు మీద చీనీ. కాంక్రీటు ఎన్ని క్యూబిక్ మీటర్లు పొయ్యాలో టెండరు షెడ్యూల్లో ఉంటుంది. లైనింగ్ తర్వాత ఆ బోర్లలో ఎన్ని అడుగుల లోతున నీళ్ళుండాలి అన్న గడి అందులో ఉండదు.